పాత ఫిలిం కెమెరాలను బడి పిల్లల చేతికి ఇచ్చే ముందు ఏమేమి చూసుకోవాలి?

పరకాల దగ్గరి ఉన్నత పాఠశాలలో ఫొటోగ్రఫీ తరగతి మొదలుపెట్టబోతున్నామని, మూతపడిన స్టూడియోల నుంచి, తెలిసినవారి ఇళ్ల నుంచి పది పన్నెండు ఫిలిం కెమెరాలు పోగయ్యాయని, వాటిలో సగం పనిచేయడం లేదని, ఒకదానితో తీసిన రీలు పూర్తిగా ఖాళీగానూ మరొకదానితో తీసినది నారింజ రంగు చారలతోనూ వచ్చిందని రాసి, అన్నింటినీ హైదరాబాదుకు రిపేరుకు పంపాలా అని మీరు అడిగారు. అన్నింటినీ పంపవద్దని నా సలహా. హనుమకొండలో ఒక పాఠశాల పిల్లలకు కొన్నేళ్లుగా ఇలాంటి కెమెరాలతోనే నేర్పుతున్నాను. చెడిపోయిందని చెప్పి నా చేతికి ఇచ్చిన వాటిలో ఎక్కువ భాగం సెల్లు అయిపోయో, సెల్లు గదికి చిలుము పట్టో, వెనుక తలుపు స్పాంజి కరిగిపోయో మూలన పడినవే. ఈ మూడింటినీ బడిలోనే సరిచేసుకోవచ్చు. షట్టర్ తెర (ఫొటో తీసే క్షణం మాత్రమే తెరుచుకుని రీలు మీద వెలుతురు పడనిచ్చేది) సరిగా నడవని కెమెరాను మాత్రం పని తెలిసిన మనిషికి అప్పగించాలి.

మొదట సెల్లు లేకుండా నడిచేవాటిని, సెల్లు లేనిదే కదలనివాటిని వేరు చేయండి. మీ జాబితాలో ఉన్న పెంటాక్స్ కె1000, యాషికా ఎఫ్‌ఎక్స్-3, నికాన్ ఎఫ్‌ఎం10 మొదటి రకానికి చెందినవి. వీటిలో సెల్లు వెలుతురును కొలిచే మీటర్ కోసమే ఉంటుంది కనుక, అది లేకపోయినా షట్టర్ అన్ని వేగాలలోనూ పడుతుంది. 1976లో వచ్చిన కెనాన్ ఏఈ-1 అలా కాదు. దానికి ఆరు వోల్టుల సెల్లు లేకపోతే షట్టర్ పడనే పడదు. పైగా దాని మీది మీట ఎల్ గుర్తు దగ్గర ఉంటే కొత్త సెల్లు వేసినా బటన్ నొక్కుకోదు. చచ్చిపోయిందని మీరు పక్కన పెట్టిన ఏఈ-1 విషయంలో ఈ రెండూ చూడకుండా ఆశ వదులుకోకండి. షట్టర్ పడేటప్పుడు అది కీచుమంటే, లోపల అద్దాన్ని నడిపే పళ్లచక్రాల దగ్గర నూనె ఎండిపోయిందని అర్థం. అలాంటి కెమెరాతో ఫొటోలు తీయవచ్చు కానీ, వీలున్నప్పుడు సర్వీసు చేయించడం మంచిది.

ఫ్లాష్ లోపలే ఉండే చిన్న ప్లాస్టిక్ కెమెరాల గురించి రెండు మాటలు చెప్పాలి. వాటిలో చాలావాటికి, రీలు కదిలినప్పుడు తిరిగే పళ్లచక్రమే షట్టర్‌ను సిద్ధం చేస్తుంది. కాబట్టి ఖాళీ కెమెరాలో బటన్ నొక్కితే ఏమీ జరగదు, చూసినవారు పాడైందనుకుంటారు. వెనుక తలుపు తెరిచి ఆ చక్రాన్ని వేలితో ఆగేంతవరకు తిప్పి, అప్పుడు నొక్కి చూడండి. రెండో మాట మరీ ముఖ్యమైనది. ఈ కెమెరాల ఫ్లాష్ కెపాసిటర్‌లో సుమారు మూడు వందల వోల్టుల కరెంటు నిలవ ఉంటుంది, సెల్లు తీసేసిన తరువాత కూడా అది వెంటనే పోదు. కాబట్టి లోపల ఏముందో చూపించడానికైనా సరే, వీటి మరలు పిల్లలను విప్పనివ్వకండి, మీరూ విప్పకండి.

ఇక చిలుము సంగతి. సెల్లు మూత తీయగానే తెల్లని పొడి గానీ పచ్చని పొర గానీ కనిపిస్తే, అది ఆల్కలైన్ సెల్లు నుంచి కారిన క్షారం వల్ల వచ్చినది. క్షారానికి విరుగుడు ఆమ్లం కనుక, దూదిపుల్లను తెల్ల వెనిగర్‌లో గానీ నిమ్మరసంలో గానీ ముంచి, కారేంత తడి లేకుండా పిండి, సెల్లు తగిలే రేకును తుడవండి. ఆ తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మరొకసారి తుడిచి, ఆరాక, పెన్సిల్ రబ్బరుతో రేకు మెరిసేవరకు రుద్దండి. మూత లోపలి రేకును కూడా ఇలాగే చేయాలి, చాలామంది దాన్ని మరిచిపోతారు. కె1000కు మీటర్ ఆపే స్విచ్ లేదు, లెన్స్ మీద వెలుతురు పడినంతసేపూ సెల్లు ఖర్చవుతూనే ఉంటుంది. కాబట్టి తరగతి ముగియగానే లెన్స్ మూత పెట్టడం పిల్లలకు అలవాటు చేయండి. ఈ మీటర్లకు వేసే ఎల్‌ఆర్44 ఆల్కలైన్ గుండీ సెల్లుకు బదులు అదే సైజు సిల్వర్ ఆక్సైడ్ సెల్లు ఎస్‌ఆర్44 దొరికితే అదే వేయండి. ధర కొంచెం ఎక్కువైనా, చివరిదాకా వోల్టేజీ నిలకడగా ఉండి మీటర్ తప్పు చెప్పదు. ఇంకా పాత కెమెరాలు కొన్ని 1.35 వోల్టుల పాదరసపు సెల్లు కోసం చేసినవి. ఆ సెల్లు ఇప్పుడు దొరకవు. వాటి స్థానంలో 1.5 వోల్టుల సెల్లు వేస్తే మీటర్ ముల్లు కదులుతుంది గానీ, అది చూపే కొలత నమ్మదగినది కాదు.

ఇప్పుడు షట్టర్. ఈ పరీక్షకు తొందరపడకండి, ఎందుకంటే కెమెరా ఉంచుకోవాలా వద్దా అన్నది ఇక్కడే తేలుతుంది. రీలు లేకుండా వెనుక తలుపు తెరిచి, లెన్స్ తీసి, కెమెరాను ఎండ పడుతున్న తెల్లగోడ వైపు తిప్పి, వెనుక నుంచి చూస్తూ 1/1000 (సెకనులో వెయ్యో వంతు) వేగం దగ్గర షట్టర్ కొట్టండి. రెప్పపాటులో నిండైన దీర్ఘచతురస్రం వెలగాలి. ఒక పక్క నల్లగా మిగిలిపోతే, ఒకటి తెరుస్తూ ఒకటి మూస్తూ నడిచే షట్టర్ రెండు తెరలూ ఒకే వేగంతో పరుగెత్తడం లేదని, ఆ కెమెరాతో ఎండలో తీసిన ప్రతి ఫొటోలోనూ ఆ పక్క చీకటిగా వస్తుందని తెలుసుకోవచ్చు. తరువాత ఒక్కొక్క వేగం తగ్గిస్తూ రండి. సెల్‌ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్ ఉంటే, షట్టర్ పడుతుండగా వీడియో తీసి, వెలుగు ఎన్ని ఫ్రేముల్లో కనిపించిందో లెక్కపెట్టండి. 1/60 దగ్గర నాలుగు, 1/30 దగ్గర ఎనిమిది రావాలి. 1/60 కన్నా ఎక్కువ వేగాలను ఈ పద్ధతిలో సరిగా కొలవలేము. ఏళ్ల తరబడి వాడని కెమెరాలో ఒక సెకను, అర సెకను వేగాలు బద్ధకంగా నడవడం మామూలే. బాగా నడిచే వేగాలేవో ఒక చిన్న పట్టీ మీద రాసి కెమెరా అడుగున అంటించండి. పిల్లలు పగటి వెలుతురులో ఎక్కువగా వాడేది 1/125, 1/250, 1/500 కాబట్టి, ఆ మూడూ బాగుంటే కెమెరా తరగతికి పనికొచ్చినట్టే. ఈ పరీక్షంతటిలో షట్టర్ తెరను వేలితో తాకవద్దు, దాని మీదికి గాలి కొట్టవద్దు.

లెన్స్ దగ్గర చూడవలసినవి రెండే. ఎపర్చర్ రేకులు (వెలుతురు వచ్చే రంధ్రాన్ని చిన్నదిగా, పెద్దదిగా చేసేవి) చటుక్కున మూసుకుని తెరుచుకోవాలి, వాటి మీద నూనె మరక ఉంటే మెల్లగా కదిలి ఫొటోలను తెల్లబరుస్తాయి. టార్చి వేసి అద్దాల లోపల సాలెగూడు పోగుల వంటి ఫంగస్ ఉందేమో చూడండి. అంచున కొద్దిగా ఉంటే ఫొటోలో తేడా తెలియదు. మన దగ్గర వానాకాలపు తేమకు అది పెరుగుతుంది కనుక, తోలు కవర్లు తీసేసి, బిగుతైన ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచండి. ఫంగస్ ఉన్న లెన్సులను మిగిలిన వాటితో కలపకండి.

మీ రెండు రీళ్ల విషయానికి వస్తే, కెమెరాలో ఏం జరిగిందో కడిగిన నెగెటివే చెబుతుంది, దాన్ని ల్యాబు నుంచి తప్పక వెనక్కి తీసుకోండి. ఖాళీగా వచ్చిన రీలు అంచున కంపెనీ పేరు, ఫ్రేముల అంకెలు స్పష్టంగా ఉన్నాయా? ఉంటే కడగడంలో లోపం లేదు. షట్టర్ తెరుచుకోకపోవడమో, అంతకన్నా తరచుగా, రీలు కొస చుట్టుకునే కడ్డీకి పట్టుకోకపోవడమో జరిగింది. రీలు వేసి తలుపు మూశాక, రీలును ముందుకు జరిపే లీవర్ తిప్పిన ప్రతిసారీ ఎడమవైపు రీలు వెనక్కి చుట్టే గుండీ కూడా తిరగాలి. ఈ ఒక్క సంగతి పిల్లలకు నేర్పితే ఖాళీ రీళ్లు దాదాపు ఉండవు. దీన్ని సాధన చేయించడానికి, పాత స్టూడియోల్లో గడువు దాటి పడి ఉన్న రీలు ఒకటి అడిగి తెచ్చుకుని, వెలుతురులోనే పదేపదే ఎక్కించమనండి. అంచున అంకెలు కూడా లేకపోతే మాత్రం లోపం కడిగినచోట ఉంది.

ఫొటోలో నారింజ రంగులో కనిపించిన చార నెగెటివ్‌లో నల్లని మచ్చగా ఉంటుంది. ఆ మచ్చ రీలు అంచున ఉన్న రంధ్రాల దాకా పాకిందేమో చూడండి. పాకితే వెలుతురు వెనుక తలుపు సందుల్లోంచి వచ్చింది. ఫ్రేము గీత దగ్గరే ఆగితే షట్టర్ వైపు నుంచి వచ్చింది, ప్రతి ఫ్రేములో ఒకేచోట చుక్క పడితే గుడ్డ తెరకు సన్నని చిల్లు ఉంది. మీది చాలావరకు మొదటిదే అయి ఉంటుంది, ఎందుకంటే ఆ వయసు కెమెరాలన్నింటిలో తలుపు గాడిలోని నల్ల స్పాంజి తారులాగా జిగటగా మారిపోతుంది. షట్టర్ తెర మీద కాగితం అడ్డుపెట్టి, ఆల్కహాల్ తడిపిన దూది చుట్టిన సన్నని వెదురుపుల్లతో ఆ జిగటనంతా గాడిలోంచి గీకి తీయండి. ఆరిన తరువాత గాడి నిండేలా నల్ల ఊలు దారం పరిచి, కీలు వైపు సన్నని నల్ల మఖమల్ పట్టీ అంటించండి. తలుపు సులువుగా మూసుకోవాలి, గట్టిగా నొక్కవలసి వస్తే దారం లావైనట్టు. అద్దం పైకి లేచి తగిలేచోట ఉండే స్పాంజిని కూడా ఇలాగే మార్చవచ్చు కానీ, దాని పక్కనే ఉన్న ఫోకసింగ్ తెర (దృశ్యం కనిపించే పలక) మీద ఆల్కహాల్ చుక్క పడితే అది పాడవుతుంది.

మీటర్ పనిచేయని కెమెరాలను పక్కన పెట్టకండి. డబ్బా మీద ఐఎస్ఓ 400 అని ఉండే రీలు వేసి, నడినెత్తి ఎండలో షట్టర్ వేగం 1/500, ఎపర్చర్ ఎఫ్/16 పెట్టుకుంటే ఓరుగల్లు కోట కీర్తి తోరణాలు చక్కగా వస్తాయి, మబ్బు పడితే ఎఫ్/8కు తెరవాలి. వేయిస్తంభాల గుడి మండపం లోపలి నీడకు మాత్రం ఈ లెక్క చాలదు, సెల్‌ఫోన్‌లోని లైట్ మీటర్ యాప్‌తో కొలవనివ్వండి. వెలుతురును కంటితో అంచనా వేయడం పిల్లలు ఇలాంటి కెమెరాలతోనే బాగా నేర్చుకుంటారని నా గట్టి నమ్మకం.

ప్రతి కెమెరాకూ ఒక అంకె ఇచ్చి, అదే అంకె రీలు డబ్బా మీద రాయించండి. హైదరాబాదుకు పంపవలసింది, తెరలు సమంగా నడవనివి, లీవర్ బిగుసుకుపోయినవి. వాటిలోనూ ఒకటి రెండింటినే, లెన్స్ బాగున్నవాటినే ఎంచుకోండి, మిగిలినవాటి లెన్సులు, మూతలు, మరలు తరువాత పనికొస్తాయి. పంపేటప్పుడు ఏ వేగం దగ్గర ఏ పక్క నల్లబడుతోందో చీటీ మీద రాసి, ఆ తప్పు కనిపించే నెగెటివ్ ముక్కను కూడా కవర్లో పెట్టండి. అది చేతిలో ఉంటే రిపేరు చేసేవారు కెమెరా విప్పకముందే ఖర్చు ఎంతవుతుందో చెప్పగలుగుతారు.