ఊళ్లో ఇంతమంది బాధితులుంటే ఫ్లోరోసిస్ తగ్గిందని ఎలా అంటారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం. నాన్నకు 61 ఏళ్లు. మెడ తిరగదు, నడుము వంగిపోయింది, గోడ పట్టుకుని నడుస్తాడు. మా వాడలో ఇట్లాంటివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. మొన్న ఒక మీటింగులో మాత్రం ఫ్లోరోసిస్ కొత్త కేసులు లేవన్నారు. ఏది నమ్మాలి? నా భార్యకు ఐదో నెల. బిడ్డకు కూడా వస్తుందేమోనని భయంగా ఉంది. మన రాష్ట్రంలో తల్లుల మరణాల రేటు 43 అని చదివాక టెన్షన్ ఇంకా పెరిగింది. మా ఊళ్లో ఈమధ్య చావులు ఎక్కువయ్యాయి, పుట్టుకలు తగ్గాయి. ఇదంతా నీళ్లవల్లేనా?

జవాబు: ముందు బిడ్డ సంగతి. ఫ్లోరోసిస్ అంటే తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు, వంశంలో వచ్చేది కాదు. నాన్నగారికి ఉన్నంత మాత్రాన మనవడికో మనవరాలికో రాదు. నీళ్లు మారితే జబ్బు ఆగుతుంది. అందుకే తాగడానికే కాదు, అన్నానికీ పప్పుకీ చాయ్‌కీ కూడా మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లే వాడండి. తాగే నీళ్లు తెచ్చుకుని, వంట మాత్రం బోరు నీళ్లతో చేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. బోరు నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగొద్దు, వంటకు వాడొద్దు. తల్లిపాలలో ఫ్లోరైడ్ చాలా తక్కువ. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే పట్టండి. డబ్బాపాలు తప్పనిసరైతే బోరు నీళ్లతో కలపొద్దు. ఏఎన్ఎం ఇచ్చే ఐరన్, క్యాల్షియం గోలీలు మానకుండా వేసుకోమనండి, రెండూ ఒకేసారి కాకుండా వేర్వేరు పూటల్లో.

ఇక మీటింగులో విన్న మాట, మీ వాడలో కనిపించేది రెండూ నిజం కావచ్చు. అవి రెండు వేరు లెక్కలు. ఒక ఏడాదిలో కొత్తగా ఎంతమందికి జబ్బు వచ్చిందన్నది ఇన్సిడెన్స్. ఈరోజు ఊళ్లో పాతవాళ్లు, కొత్తవాళ్లు కలిపి ఎంతమంది ఉన్నారన్నది ప్రివలెన్స్. వాగు ఆగినా చెరువు ఒక్కరోజులో ఎండదు కదా, ప్రివలెన్స్ కూడా అంతే. ఒకసారి ఎముకల్లో చేరి వంచేసిన ఫ్లోరోసిస్ నయం కాదు, అలాగని వెంటనే ప్రాణమూ తీయదు. కాబట్టి కొత్తగా ఒక్కరికీ రాకపోయినా, పాత బాధితుల సంఖ్య కొన్ని దశాబ్దాల పాటు పెద్దగానే ఉంటుంది. కొత్త కేసులు లేవన్న మాట పట్టుకుని బాధితులే లేరన్నట్టు ఎవరైనా మాట్లాడితే మాత్రం అది అన్యాయం. మీ నాన్నగారి లాంటివాళ్లకు చికిత్స, పింఛను, ఫిజియోథెరపీ ఎన్ని కావాలో చెప్పేది ప్రివలెన్సే.

ఫ్లోరోసిస్ చావుల లెక్కలో కూడా కనిపించదు. ఇరవై ఏళ్లు మంచం, గోడ పట్టుకుని బతికిన మనిషి చివరికి గుండెపోటుతో పోతే, రికార్డులో గుండెపోటే ఉంటుంది. మరణాల రేటు ఒక్కటే చూసి మా ప్రాంతం కష్టాన్ని కొలవొద్దని నేను గట్టిగా చెబుతాను. వైకల్యంతో గడిచిన ఏళ్లను కూడా లెక్కకట్టాలి.

కొత్త కేసులు నిజంగా ఆగాయో లేదో మీరే చూడొచ్చు. ఎముకల జబ్బు బయటపడటానికి ఏళ్లు పడుతుంది, పళ్లు మాత్రం ముందే చెబుతాయి. పంటి పైపొర తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు, తాగిన నీళ్ల గుర్తు దాని మీద శాశ్వతంగా ఉండిపోతుంది. బడిలో 8 నుంచి 12 ఏళ్ల పిల్లల శాశ్వత ముందుపళ్లను పగటి వెలుతురులో చూడండి. ఫ్లోరైడ్ అయితే సుద్ద లాంటి తెల్లని మచ్చలు, ముదిరితే పసుపు, గోధుమ రంగు అడ్డగీతలు కుడిఎడమ పళ్ల మీద ఒకేతీరుగా ఉంటాయి. చిగురు అంచున పేరుకుని, గీకితే ఊడేది గార. అలా చూసిన 60 మందిలో ఆరుగురికి మచ్చలుంటే పది శాతం. ప్రైవేటు బడికి, హాస్టళ్లకు వెళ్లిన పిల్లలను కూడా కలిపితేనే ఆ శాతానికి విలువ. భగీరథ నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లల పళ్లు శుభ్రంగా ఉండి, వాళ్ల పెద్దన్నలు, పెద్దక్కల పళ్లకు మచ్చలుంటే, నీళ్లు మారిన ఫలితం కనిపిస్తున్నట్టే. చిన్నపిల్లల్లో కూడా మచ్చలుంటే ఆ ఇళ్లలో ఇంకా బోరు నీళ్లు వాడుతున్నారేమో అడగండి, నీళ్లు పరీక్ష చేయించమని ఏఎన్ఎంకు, పంచాయతీకి చెప్పండి.

తల్లుల మరణాల రేటు 43 అని చూసి భయపడకండి. అది వందకో వెయ్యికో కాదు, ప్రాణంతో పుట్టిన ప్రతి 1,00,000 మంది బిడ్డలకు. 2018-20 లెక్కల్లో తెలంగాణకు 43, దేశం మొత్తానికి 97. శిశు మరణాల రేటు మాత్రం 1,000 సజీవ జననాలకు చెబుతారు, 2020లో మన రాష్ట్రానికి అది 21. ఏ అంకె చదివినా అది ఎంతమందికి, ఎంత కాలానికి అన్నది పక్కనే ఉందేమో చూడండి. అది లేని అంకెతో భయపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఊళ్లో చావులు, పుట్టుకల గురించి మీ అనుమానానికి నీళ్లకంటే వలసే దగ్గరి కారణం కావచ్చు. కడుపు పండే వయసు జంటలు హైదరాబాద్‌లో ఉంటే, ఊళ్లో మిగిలేది పెద్దవాళ్లు. వెయ్యి జనాభాకు మరణాల రేటు అప్పుడు దానంతటదే పెరుగుతుంది, జననాల రేటు తగ్గుతుంది. పైగా కాన్పు ఎక్కడైతే పుట్టుక అక్కడే నమోదవుతుంది. మీ ఊరి బిడ్డ నల్గొండ దవాఖానలో పుడితే మీ పంచాయతీ రిజిస్టర్‌లో కనపడదు. రెండు వేల జనాభా ఉన్న ఊళ్లో ఒక ఏడాది 12 మంది, మరో ఏడాది 19 మంది పోవడం కేవలం యాదృచ్ఛికంగా కూడా జరుగుతుంది. కనీసం ఐదేళ్ల లెక్క, పోయినవాళ్ల వయసుతో సహా, పక్కన పెట్టుకుంటే గానీ ఏదీ తేల్చలేం. నడివయసువాళ్లే ఎక్కువగా పోతుంటే మాత్రం పీహెచ్‌సీ డాక్టరుకు తప్పక చెప్పండి.

నాన్నగారిని ఒకసారి ఎముకల డాక్టరుకు చూపించండి. కాళ్లలో తిమ్మిరి, బలం తగ్గడం, మూత్రం పట్టు తప్పడం లాంటివి మొదలైతే వెన్నుపాము నొక్కుకుపోతున్నట్టు, ఆలస్యం చేయకుండా న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆపరేషన్‌తో కొందరికి మేలు జరుగుతుంది. వైకల్య సర్టిఫికెట్ ఇంకా లేకపోతే, దానికి ఎలా దరఖాస్తు చేయాలో మీసేవలో అడగండి.