టెక్ సందేహాలు: ఇంటి దగ్గర 33, దారిలో 37... టైరులో ఏది సరైన గాలి?

ప్రశ్న: శ్రీకాకుళం నుంచి పలాసకు తరచూ కారులో వెళ్తుంటాను. బయలుదేరేటప్పుడు తెర మీద నాలుగు టైర్లకూ 33 చూపిస్తుంది. మడపాం టోల్‌గేటు దాటి కొంత దూరం వెళ్లేసరికి 37 అవుతోంది. గాలి ఎక్కువైందని మొన్న దారిలో ఆగి 33కి తగ్గించాను. మర్నాడు ఉదయం చూస్తే 29 ఉంది. సెన్సర్ పాడైందా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

సెన్సర్ నిజమే చెబుతోంది. మీరు తీసేసిన గాలిని ముందు మళ్లీ నింపించండి, ఆ తర్వాతే పలాస ప్రయాణం.

టైరు దొర్లుతున్నంతసేపూ రబ్బరు నలిగి వేడెక్కుతుంది. లోపలి గాలికి వ్యాకోచించే చోటు లేక పీడనం పెరుగుతుంది. ఉదయం 25 డిగ్రీల దగ్గర 33 పీఎస్‌ఐ (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం) ఉన్న టైరు 50 డిగ్రీలకు చేరితే లెక్క ప్రకారం 37 రావాలి. మీకు వచ్చిందీ అదే. ఆ పెరుగుదలను కంపెనీ ముందే లెక్కలోకి తీసుకుంటుంది. వేడి మీద నాలుగు తీసేస్తే, చల్లారాక మిగిలేది 29. గాలి తక్కువైన టైరు పక్కగోడలు మరింత నలుగుతాయి, మరింత వేడెక్కుతాయి. మే నెల మధ్యాహ్నం నిండు బరువుతో హైవే మీద టైరు పేలడానికి ఇదొక ముఖ్య కారణం. హెచ్చరిక దీపం వెలగలేదు కదా అని ధీమాగా ఉండకండి. గాలి బాగా పడిపోతే తప్ప అది సాధారణంగా వెలగదు.

అసలు అంకె మీ కారు మీదే ఉంది. డ్రైవర్ తలుపు తెరిచి, అది మూసుకునే స్తంభం కింది భాగం చూడండి. కొన్ని కార్లలో పెట్రోలు మూత లోపల ఉంటుంది. ఆ స్టిక్కర్ మీద మనుషులు, సామాను బొమ్మల పక్కన ముందు టైర్లకు, వెనక టైర్లకు వేరువేరుగా అంకెలుంటాయి. ఇంటిల్లిపాదీ సామానుతో బయలుదేరితే నిండు బరువు అంకె పాటించాలి. అంకె పీడనానికే మరో కొలమానమైన కిలోపాస్కల్‌లో ఉంటే 6.9తో భాగించండి: 230 అంటే 33 పీఎస్‌ఐ. టైరు పక్కగోడ మీద అచ్చయ్యేది ఆ టైరు తట్టుకునే గరిష్ఠ పరిమితి, మీ కారుకు కావలసిన అంకె కాదు.

స్టిక్కర్ మీది అంకె చల్లని టైరుకే వర్తిస్తుంది. అంటే బండి కనీసం మూడు గంటలు నిలిచి ఉండాలి. బంకు దూరమైతే ఒక ఉపాయం ఉంది. ఇంటి దగ్గరే చూసి కొరత రాసుకోండి. 33 కావలసిన చోట 29 ఉంటే, బంకులో ఎంత చూపించినా దానికి నాలుగు కలిపి కొట్టించండి.

ప్రశ్న: విజయనగరం నుంచి ఎస్.కోట మీదుగా అరకు వెళ్లినప్పుడు అంకె మారుతోంది. కొండ మీద గాలి సరిచేయించాలా?

అక్కర్లేదు. గేజ్ కొలిచేది టైరు లోపలి పీడనానికీ బయటి వాతావరణ పీడనానికీ ఉన్న తేడాను. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. అక్కడ బయటి పీడనం దాదాపు ఒకటిన్నర పీఎస్‌ఐ తగ్గుతుంది కాబట్టి గేజ్ అంత ఎక్కువ చూపిస్తుంది. శీతాకాలం తెల్లవారుజామున చలి ఆ పెరుగుదలను మింగేస్తుంది కూడా. కొండ మీద గాలి తీయించి ఘాట్ దిగితే, కింద టైరులో గాలి చాలదు.

ప్రశ్న: నా బైకు టైరు గాలిని ఫోనులో యాప్‌తో కొలవవచ్చా?

ఫోను ఒక్కదానితో కుదరదు. కొన్ని ఫోన్లలో పీడన సెన్సర్ ఉన్నా అది కొలిచేది ఫోను చుట్టూ ఉన్న గాలినే. వాల్వుకు బిగించే బ్లూటూత్ సెన్సర్ మూతలు కొంటే వాటి యాప్ పనిచేస్తుంది. కానీ బైకుకు మంచి డిజిటల్ గేజ్ చాలని నా అభిప్రాయం. చైన్ కవర్ మీదో, వెనక చక్రాన్ని పట్టే చట్రం మీదో ఉన్న స్టిక్కర్ చూడండి. వెనక కూర్చునేవారు ఉంటే వెనక టైరు అంకె మారుతుంది. నెలకోసారి, బండి తీయకముందే కొలవండి.