మత్తు సూది వేసుకునేవాళ్లకు నర్సు కొత్త సిరంజి ఇస్తే, ఆ అలవాటును పెంచినట్టు కాదా?

కాదు, ఆ సిరంజి అడ్డుకునేది హెచ్‌ఐవీని. వాడిన సిరంజి అడుగున కంటికి ఆనని రక్తపు బొట్టు మిగిలిపోతుంది. గాలి తగలని ఆ బొట్టులో వైరస్ రోజుల తరబడి బతకగలదు. నీళ్లతో కడిగాం కదా అన్న ధీమా అస్సలు వద్దు.

హన్మకొండలో ఇద్దరు దోస్తులు ఒకే సూది పంచుకున్నారనుకోండి. తెల్లారి ఒకరు భయపడి ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి వస్తే నర్సు ముందుగా అడగాల్సింది "ఎందుకు చేశావ్?" అని కాదు, "ఎన్ని గంటలైంది?" అని. డాక్టరు అవసరమని చెబితే నివారణ మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. 72 గంటలు దాటకూడదు, 28 రోజులు మానకూడదు. ఒప్పుకున్నాకే రక్తపరీక్ష, ఫలితం గుట్టుగా ఉంచాలని 2017 హెచ్‌ఐవీ చట్టమే చెబుతోంది. శుభ్రమైన సూదులివ్వడం నేరం కాదన్నదీ అందులోనే ఉంది.

హెరాయిన్ లాంటివాటికి అలవాటుపడ్డవాళ్లకు సూది బదులు నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ మాత్ర ఉంది. అది పూర్తిగా కరిగేదాకా నర్సు పక్కనే ఉండి చూస్తుంది.

సూదులిస్తే మత్తు పెరుగుతుందనేది చాలామందిలో ఉన్న అపోహ. ఇచ్చినచోట వాడకం పెరగలేదని ఎన్నో దేశాల అనుభవం. పైగా సిరంజి కోసం వచ్చిన మనిషే రేపు చికిత్స గురించి అడుగుతాడు. కసురుకుంటే మళ్లీ ఆ గడప తొక్కడు. ఉచిత సలహాకు 1097కు ఫోన్ చేయొచ్చు.