సమాధానం: ఎండలన్నారు, ఉరుముల వానలూ అంటున్నారు – కల్లంలో మిర్చి సంగతి

అన్నా, "వేసవిలో ఎండలు మామూలుకంటే ఎక్కువన్న వాతావరణ శాఖే (ఐఎండీ) ఇప్పుడు వడగళ్ల హెచ్చరిక ఇస్తోంది, కల్లంలో మిర్చి ఉంచాలా ఎత్తాలా" అని అడిగారు కదా. రెండూ నిజమే. వేసవి అంచనా మొత్తం సీజన్ సగటు మాట, దాన్నిబట్టి కల్లం నిర్ణయాలు వద్దు. పగలంతా నేల కాగి, బంగాళాఖాతం నుంచి తేమ గాలి తోడైతే సాయంత్రానికి ఉరుముల వాన తెచ్చే క్యుములోనింబస్ మబ్బు నిలువునా లేస్తుంది. 40 డిగ్రీలు దాటిన రోజే గాలిదుమారం రావడం అందుకే.

పొద్దున్నే ఐఎండీ ఇచ్చే జిల్లా హెచ్చరిక రంగు చూడండి. మధ్యాహ్నం నుంచి మాత్రం ఐఎండీ తక్షణ అంచనా (నౌకాస్ట్) ముఖ్యం, వచ్చే 3 గంటల సంగతి అందులో ఉంటుంది. ఫోన్‌లో దామిని యాప్ వేసుకుంటే దగ్గర్లో పడే పిడుగులు తెలుస్తాయి.

ఆ రంగు ఆరెంజ్ (సిద్ధంగా ఉండమని) ఉంటే మధ్యాహ్నం రెండింటికల్లా కాయల్ని మధ్యకు లాగి పట్టా కప్పేయండి. అంచుల మీద ఇసుక బస్తాలే పెట్టండి, ఆ గాలికి ఇటుకలు ఆగవు (పట్టా పక్కోళ్ల చేలో వెతుక్కోవాలి!). ఉరుము వినపడితే మిర్చి పోయినా సరే, కూలీలను పక్కా ఇంట్లోకి పంపండి, చెట్టు కిందికి కాదు. తడిసిన కాయ కుప్పలో ఉంటే బూజు పడుతుంది, ఎండ రాగానే పలచగా పరవండి.