క్యాథెటర్ కొనలో అల్ట్రాసౌండ్: ఈసీఈ వాళ్లకి ఇందులో పని ఉందా?

"క్యాథెటర్ (రక్తనాళంలోకి దించే సన్నటి గొట్టం) కొనకు అల్ట్రాసౌండ్ పెట్టి ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు కరిగిస్తున్నారట, ఈసీఈ చదివినవాళ్లకి ఇందులో ఏమైనా పని ఉంటుందా?" అని అడిగారు.

ఉండడమేంటండీ, సగానికి పైగా పని మనదే. దాని గురించి ఎవరూ రాయరు, అదే నా బాధ. ఎక్కడ చదివినా డాక్టరుంటాడు, కరెంటిస్తే వణికి అల్ట్రాసౌండ్ పుట్టించే క్రిస్టల్ ఉంటుంది, ఆ క్రిస్టల్‌కి కరెంటిచ్చి నడిపే డ్రైవర్ సర్క్యూట్ ఊసే ఉండదు. ఇంకోటి, గడ్డను కరిగించేది మందు. అల్ట్రాసౌండ్ గడ్డలోని ఫైబ్రిన్ అనే ప్రొటీన్ పోగుల్ని వదులు చేస్తుంది, దాంతో మందు లోపలికి దిగుతుంది.

నేను తిరుపతిలో ఫిజియోథెరపీ అల్ట్రాసౌండ్ మిషన్లు రిపేరు చేస్తాను. 1, 3 మెగాహెర్ట్జ్ హెడ్లు (క్రిస్టల్ ఉండే చేతి భాగాలు) రోజూ చేతిలో ఉండేవే. ఆ మధ్య చిత్తూరు నుంచి ఒక ఇంజనీరింగ్ అమ్మాయి ఫైనలియర్ ప్రాజెక్టు పట్టుకుని షాపుకొచ్చింది. "అన్నా, క్రిస్టల్ పోయినట్టుంది, నీళ్లు కదలడం లేదు" అంది. స్టీలు గిన్నెలో నీళ్లు పోసి, క్రిస్టల్ దించి, తను తెచ్చిన సిగ్నల్ జనరేటర్‌కే కలిపి, వోల్టేజి చూడ్డానికి ఆసిలోస్కోప్ పెట్టాం. ఫ్రీక్వెన్సీ పక్కకు ఉన్నంతసేపూ వోల్టేజి బాగానే ఉంది. 1 మెగాహెర్ట్జ్ దగ్గరికి తెస్తుంటే కిందికి జారిపోతోంది. ఎక్కడ గట్టిగా మోగాలో అక్కడే చల్లబడిపోతోంది!

క్రిస్టల్ నిక్షేపంగా ఉంది. జనరేటర్ లోపల 50 ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుంది. రెసొనెన్స్ దగ్గర, అంటే క్రిస్టల్ గట్టిగా మోగే ఫ్రీక్వెన్సీ దగ్గర, అంత పెద్ద క్రిస్టల్ ఇంపీడెన్స్ (కరెంటుకి చూపే అడ్డు) కూడా ఆ దరిదాపుల్లోకే దిగుతుంది, వోల్టేజిలో పెద్ద వాటా జనరేటర్ లోపలే పోతుంది. కాలేజీలో మాత్రం అన్నిటికీ 50 ఓమ్‌లకి మ్యాచ్ చెయ్యమనే చెప్పి పంపుతారు. నేను రెండు మాస్‌ఫెట్లతో (స్విచ్చుల్లా పనిచేసే ట్రాన్సిస్టర్లు) అవి వంతులవారీగా ఆన్ అయ్యే హాఫ్ బ్రిడ్జ్ కట్టి, ఒక చిన్న ఇండక్టర్ వేసి, క్రిస్టల్‌కి పక్కనే పెట్టాను. ఔట్‌పుట్ రెసిస్టెన్స్ ఒక ఓమ్ కూడా ఉండదు. స్విచ్ వెయ్యగానే గిన్నె నడిమధ్యన నీళ్లు సన్నగా ఉబ్బి వణకడం మొదలైంది. ఆ అమ్మాయి గిన్నె మీదికి వంగి చూస్తూనే ఉండిపోయింది. ఆ మాస్‌ఫెట్లు రెండూ కలిపి బొటనవేలి గోరంత లేవు. ల్యాబుల్లో ఉండే క్లాస్ ఏ ఆంప్లిఫయరైతే క్రిస్టల్‌కి ఎంత ఇచ్చినా ఇవ్వకపోయినా కరెంటు లాగుతూ వేడెక్కుతూనే ఉంటుంది.

ఇప్పుడు క్యాథెటర్‌కి వద్దాం. ఊపిరితిత్తుల గడ్డలకు వాడే ఈకోస్ క్యాథెటర్ మందం క్యాథెటర్ల కొలతలో 5.4 ఫ్రెంచ్, అంటే 1.8 మిల్లీమీటర్లు. పని చేసేది సుమారు 2 మెగాహెర్ట్జ్ దగ్గర. ఆ ఫ్రీక్వెన్సీకి పీజెడ్‌టీ (క్రిస్టల్ అని మనం పిలిచే సిరామిక్) పలక మందం సుమారు 1 మిల్లీమీటరు రావాలి. రెండు మిల్లీమీటర్ల చదరం ముక్క వేసుకున్నా దాని కెపాసిటెన్స్ సుమారు 50 పికోఫారాడ్లే. దానికి వెళ్లే కోయాక్సియల్ కేబులేమో మీటరుకి 100 పికోఫారాడ్ల దాకా ఉంటుంది. మీటరున్నర కేబుల్ వేస్తే, మనం పంపే కరెంటులో ఎక్కువ భాగం కేబుల్‌ని నింపడానికే సరి. అందుకే డ్రైవర్‌ని చిన్నది చేసి రోగి పక్కకి, వీలైతే క్యాథెటర్ పిడిలోకి తేవాలని నేనంటాను. రక్తనాళాన్ని లోపలి నుంచి చూసే ఐవస్ క్యాథెటర్లలో కొన్నిటికి 64 అల్ట్రాసౌండ్ ఎలిమెంట్ల పక్కనే, కొనలోనే చిప్పులున్నాయి. చూడ్డానికి కుదిరింది వైద్యానికి ఎందుకు కుదరదు?

అడ్డంకి వేడి. సిగ్నల్ పంపి వినడానికి సరిపోయే పవర్ వేరు, చికిత్సకి కావలసింది వేరు. బీపీకి కిడ్నీ నాళాల పక్క నరాల్ని అల్ట్రాసౌండ్‌తో కాల్చే పారడైజ్ అని ఒక పరికరం ఉంది, 2023 నవంబరులో అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించింది. అందులో ఒక్కో విడత 7 సెకన్లే, అప్పుడు కూడా నాళం గోడ కాలకుండా బెలూన్‌లో నీళ్లు తిప్పుతూ చల్లబరుస్తారు. దీనికి తోడు కరెంటు లీకేజి. గుండెకి తగిలే పరికరం నుంచి రోగిలోకి మామూలుగా 10 మైక్రో ఆంపియర్లకి మించి కారకూడదు. ఐసొలేషన్, అంటే రోగి వైపు సర్క్యూట్‌ని మెయిన్స్ కరెంటు నుంచి విడదీయడం, సరిగ్గా కట్టడం వచ్చినవాళ్లు మన దగ్గర ఎంతమంది ఉన్నారు? రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మే సెంటర్లలో అది దొరకదు. ఆ అమ్మాయి స్నేహితులు అలాగే కొనుక్కున్నారట. వాళ్లలో ఒకరికైనా పీజెడ్‌టీ మీద సోల్డరింగ్ ఐరన్ ఎక్కువసేపు ఆనిస్తే దాని గుణమే పోతుందని తెలుసో లేదో.

రేణిగుంట దగ్గర టీవీల లాంటి ఎలక్ట్రానిక్స్ తయారవుతున్నాయి. అంత సన్నటి బోర్డు పని తెలిసిన చేతులు మన ఊళ్లోనే ఉన్నాయి, అల్ట్రాసౌండ్ డ్రైవర్ కూడా ఇక్కడే తయారు కావాలి. మీరు నిజంగా ఇందులోకి రావాలనుకుంటే గేట్ డ్రైవర్లు (మాస్‌ఫెట్లని ఆన్, ఆఫ్ చేసేవి), డెడ్ టైమ్ (రెండు మాస్‌ఫెట్లూ ఒకేసారి ఆన్ కాకుండా ఇచ్చే చిన్న విరామం), ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ల మీద కూర్చోండి. పాత ఫిజియోథెరపీ హెడ్డు ఒకటి సంపాదిస్తే ప్రయోగానికి క్రిస్టల్ కొనక్కర్లేదు.