మునిగిన ఇంటి దర్వాజ దగ్గర అమ్మ

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. కొల్లాపూర్ దగ్గర మా పుట్టిన ఊరు నా 8వ ఏట శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగింది. ఊరు ఖాళీ చేసేటప్పుడు నాన్న ఊడదీసి తెచ్చిన దర్వాజనే ఇప్పుడు తమ్ముడి ఇంటికి ఉన్నది. అమ్మ అక్కడే ఉండేది. పోయిన ఏడాది పత్తి ఏరే రోజుల్లో ఫోన్ చేసి రమ్మన్నది, ఆదివారం వస్తానన్నాను. తెల్లారి చనిపోయింది. "పిలిచిన నాడు రాని బిడ్డ ఇప్పుడు ఏడిస్తే ఏం లాభం" అని దినాల నాడు మరదలు అన్నది. అప్పటి నుంచి ఆ ఇంటికి పోలేదు. ఈ ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు మా పాత ఇంటి మొండిగోడలు చూసి వచ్చాను. వారం తర్వాత మొదలైంది: తెల్లవారుజామున అమ్మ ఆ పాత ఇంటి దర్వాజ ముందు మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి "బిడ్డా, తలుపు తియ్యి" అంటున్నట్టు కల. పోయినోళ్లు పిలిస్తే తీసుకపోతారని ఆడబిడ్డ భయపెడుతున్నది. శాంతి చేయడానికి 20 వేలు అడిగారు. అసలు దాన్ని తలవకు అంటాడు మా ఆయన. పడుకోవాలంటేనే భయంగా ఉన్నది.

జవాబు: ఆ కల మీ చావుకు సూచన కాదు. ఆ 20 వేలు ఎవరికీ ఇవ్వకండి.

మీరు రాసిన ఉత్తరాన్ని మళ్లీ ఒకసారి చదువుకుంటే, ఆ కలలోని ప్రతి ముక్కా ఎక్కడినుంచి వచ్చిందో మీకే కనబడుతుంది. దర్వాజ మీ చిన్ననాటిది, నీళ్లు మొన్నటి వేసవిలో మీరు ఒడ్డున నిలబడి చూసినవి, గొంతు ఆ చివరి ఫోన్‌ది. పగటి అనుభవాల శేషాలు రాత్రి కలల్లోకి వస్తాయని మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ 1900లోనే రాశాడు. మనసును కదిలించిన సంఘటన ఆ రాత్రే కాకుండా, ఐదు నుంచి ఏడు రోజుల తర్వాత కలలో మళ్లీ తలెత్తడం కూడా తర్వాతి పరిశోధకులు గమనించారు. మీకు వారం తర్వాత మొదలుకావడంలో వింతేమీ లేదు. పాత జ్ఞాపకం పక్కన కొత్త జ్ఞాపకాన్ని చేర్చి, రెండింటికీ ఒకే బాధను పూయడం నిద్రలో మెదడు చేసే పనే.

తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మన దగ్గర చాలామంది నమ్ముతారు. అది ఆ సమయంలోనే ఎందుకు వస్తుందో చెబుతాను. కనురెప్పల కింద కళ్లు వేగంగా కదిలే ఒక రకం నిద్రను 1953లో షికాగోలో గుర్తించారు. స్పష్టమైన కలలు ఎక్కువగా అందులోనే వస్తాయి. అది సుమారు 90 నిమిషాలకొకసారి వస్తూ, తెల్లవారేకొద్దీ ఎక్కువసేపు సాగుతుంది. ఆ నిద్రలో భయాన్ని, దుఃఖాన్ని పుట్టించే మెదడు భాగాలు చురుకుగా ఉంటాయి, మంచిచెడ్డలు తూచే నుదుటివైపు భాగం మందగిస్తుంది. అందుకే చనిపోయిన అమ్మ ఎట్లా వచ్చిందని, మునిగిన ఇల్లు ఎట్లా నిలబడిందని కలలో మీరు అడగరు. ఆ వెంటనే మెలకువ వస్తుంది కాబట్టి, కల మొత్తం గుర్తుంటుంది.

మీ భర్తది చెడ్డ ఉద్దేశం కాదు, కానీ ఆ సలహా పనిచేయదు. 2004లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ బృందం కొందరు విద్యార్థులను పడుకునే ముందు ఒక మనిషిని తలచుకోవద్దని కోరితే, ఆ మనిషే వాళ్ల కలల్లోకి మరింతగా వచ్చారు. మీరు పగలంతా అమ్మను తోసిపుచ్చుతున్నారు, రాత్రి ఆమె తలుపు కొడుతున్నది.

ఇక ఆ తలుపు సంగతి. ఇది నా ఊహ మాత్రమే, మీ కలకు అర్థం చెప్పే హక్కు నాకన్నా మీకే ఎక్కువ. మునిగిన ఇంటికి ఇప్పుడు తలుపే లేదు కదా, దాని దర్వాజ తమ్ముడి ఇంటికి ఉన్నది. అమ్మ ఎదురుచూసిందీ, మీరు వెళ్లలేకపోయిందీ, మరదలి మాట పడ్డాక మీరు దాటలేకపోతున్నదీ ఆ దర్వాజనే. ఆదివారం వస్తానన్న బిడ్డ తప్పు చేసినట్టు నాకు అనిపించదు. పత్తి చేతికొచ్చిన రోజుల్లో ఏ ఇంట్లోనైనా అదే మాట వస్తుంది, అది చివరి ఫోనని ఎవరికి తెలుసు? మరదలి మాట మాత్రం గట్టిదే. కానీ చివరి రోజుల్లో అమ్మకు చాకిరీ చేసి అలసిన మనిషి నోటినుంచి వచ్చిన మాటగా కూడా దాన్ని ఒకసారి వినండి.

కల కోసం ఒక పని చేయండి. పగటిపూట, పడుకునే వేళ కాకుండా, పది నిమిషాలు కూర్చుని ఆ కలను మీకు నచ్చినట్టు మార్చి చెప్పుకోండి. మీరు తలుపు తీస్తారు, అమ్మ లోపలికి వస్తుంది, తడి చీర మార్చుకుంటుంది, మీరు చాయ్ పెడతారు. ఏదైనా సరే, మీదే అయి ఉండాలి. రోజూ అదే చెప్పుకోండి. పీడకలలకు వైద్యులు వాడే పద్ధతి ఇది, కొన్ని వారాలు పడుతుంది. బీపీకి గాని మనోవ్యాధికి గాని కొత్తగా మాత్రలు మొదలుపెట్టి ఉంటే డాక్టరుకు చెప్పండి, వాటిలో కొన్ని కలలను పెంచుతాయి. సొంతంగా మాత్రం మానేయవద్దు. నిద్ర పూర్తిగా చెడినా, బతకాలని అనిపించకపోయినా ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, అక్కడ తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

పోయినోళ్లను తలచుకునే పెత్తరమాస వస్తున్నది. శాంతి పేరుతో అడిగినవాళ్లకు కాకుండా, అమ్మ పేరు మీద తమ్ముడి ఇంట్లోనే బియ్యం ఇప్పించండి. ముందు తమ్ముడికి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పండి, మరదలితో మాట్లాడటం మీకు కష్టమైతే మొదటిసారి మీ భర్తను వెంట తీసుకువెళ్లండి. వెళ్లాక ఆ ఫోన్ సంగతి, ఆదివారం సంగతి వాళ్లకు మీ నోటితోనే చెప్పండి. ఇప్పటిదాకా ఆ మాట మీరు ఎవరితోనూ అనలేదని మీ ఉత్తరం చదివితే నాకు అనిపించింది.