అన్నకు చెప్పని రెండు సబ్జెక్టులు

ప్రశ్న (2021 లాక్‌డౌన్‌లో వచ్చిన ఉత్తరం): మాది దేవరకొండ దగ్గర పల్లె. నల్గొండలో బీఎస్సీ రెండో సంవత్సరం. కరోనాతో హాస్టల్ మూశారు. సిగ్నల్ కోసం డాబా ఎక్కి ఫోన్లో క్లాసులు వింటున్నాను. రోజుకొచ్చే ఒకటిన్నర జీబీ మధ్యాహ్నానికే అయిపోతుంది. రెండు సబ్జెక్టులు పోయాయి. నాన్న లేరు. అన్నకు తెలిస్తే చదువు మాన్పించి పెళ్లి చేస్తాడు, చెప్పొద్దు అంది అమ్మ. నిద్ర పట్టడం లేదు. ఏకాగ్రతకు టైంటేబుల్ ఎలా వేసుకోవాలి? జ్ఞాపకశక్తికి ఏం తినాలి?

జవాబు: ఇంట్లో వండింది వేళకు తిను, చాలు. టైంటేబుళ్లు ఈపాటికి నాలుగు రాసి చింపేసి ఉంటావు, ఐదోది నేనెందుకు?

ఉత్తరం చివర్లో ఇంకో సంగతి రాశావు. అన్న ఇంటర్‌తో ఆపేసి హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయాడు. నీ ఫోన్‌కు నెలనెలా కిస్తీ కడుతున్నాడు. తన చేతిలో మాత్రం రబ్బర్ బ్యాండు చుట్టిన బటన్ ఫోన్. డాబా మీద కెమిస్ట్రీ క్లాసు నడుస్తుంటే నీ కళ్ల ముందు ఆడేది ఆ రబ్బర్ బ్యాండే. ఇక ఏకాగ్రత ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా?

సబ్జెక్టులు పోవడం వింతేం కాదు. 2021 ఫిబ్రవరి 1న కాలేజీలు తెరిచారు, రెండు నెలలైనా తిరక్కుండా మార్చిలో మళ్లీ మూశారు. బీకరు ముట్టుకోకుండా కెమిస్ట్రీ, సగం మాట మింగేసే నెట్‌వర్క్‌లో లెక్కలు. బ్యాక్‌లాగ్ రాసుకుంటావు, అంతే.

పెళ్లి చేసేస్తానని అన్న ఎప్పుడన్నాడు? ఉత్తరం రెండుసార్లు చదివాను, ఎక్కడా లేదు. ఆ మాట అమ్మది. భర్త పోయి కొడుకు సంపాదన మీద ఇల్లు నడుపుతున్న మనిషి, ఆమె భయాలు ఆమెకుంటాయి. వాటిని నువ్వెందుకు నెత్తిన పెట్టుకున్నావు?

కటువుగానే చెబుతున్నాను. అన్న పెద్దకొడుకుగా తన బాధ్యత చేశాడు. మార్కులతో ఆ బాకీ తీర్చాలన్న లెక్క నువ్వు వేసుకున్నదే. ఆడపిల్ల చదువును ఎవరో పెట్టిన భిక్షలా చూడటం నాకు మొదటినుంచీ గిట్టదు. కట్నానికి కూడబెట్టేటప్పుడు లేని లెక్కలు చదువు దగ్గరికొచ్చేసరికి పుట్టుకొస్తాయి. అయితే అన్న పెట్టింది తింటూ అన్న దగ్గరే దాచడం కూడా నాకు నచ్చలేదు.

లాక్‌డౌన్‌లో పనులు ఆగి ఇంట్లోనే ఉన్నాడంటున్నావు కదా. పొద్దుగూకాక డాబా మీదికి పిలిచి మార్కుల మెమో చేతిలో పెట్టు. ఏడుపుతో మొదలుపెట్టకు, మాట పక్కదారి పడుతుంది. "అన్నా, రెండు సబ్జెక్టులు పోయినయ్. మళ్ల రాస్త. నీకు చెప్పకుండ చదువుడు నాతోని అయితలేదు" అను. కోప్పడితే పడనీ. రెండు రోజులు మాట్లాడకపోతే అన్నం నువ్వే వడ్డించు. నిజంగానే మాన్పిస్తానంటే మేనమామనో, మీ లెక్చరర్‌నో పిలిపించి మాట్లాడించు.

చెప్పాక కూడా నిద్ర రాకపోతే నల్గొండ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించుకో, అన్ననే తోడు తీసుకెళ్లు. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకు, అర్ధరాత్రైనా ఇంట్లో వాళ్లను లేపు.

బ్యాక్‌లాగ్ ఫీజు ఆఖరు తేదీ ఎప్పుడో కాలేజీకి ఫోన్ చేసి కనుక్కో. ఆలోపే చెప్పెయ్. ఆ డబ్బులైనా అన్ననే కదా అడగాలి.